ప్రకటనకు ముందే మొదలయ్యే యుద్ధం

(కడపలో విద్యార్థులు, అధ్యాపకులు, పుర ప్రముఖుల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

ప్రపంచ యుద్ధాల కాలంలో తటస్థ దేశాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అది చాలా పెద్ద విషయం కాబట్టి ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను. యుద్ధం మాకు వద్దని మనస్ఫూర్తిగా అనుకున్న దేశం, ఆ మాట చట్టసభలో చెప్పి, పత్రికల్లో రాసి, ఎన్నికల్లో దానికే ఓటు వేసిన దేశం, రెండు మూడేళ్లు తిరగకుండానే అదే యుద్ధంలోకి ఎలా వెళ్తుంది? పాఠ్యపుస్తకాలు దీనికి ఒక తేదీ, ఒక సంఘటన చూపిస్తాయి. ఫలానా ఓడ మునిగింది, ఫలానా రేవు మీద బాంబులు పడ్డాయి, ఆ వెంటనే యుద్ధం ప్రకటించారు. ఆ తేదీలు నిజమే. అయితే ఆ రోజు వచ్చేసరికి ఆ దేశం అప్పుల ఖాతాల్లోనో, ఓడల రాకపోకల్లోనో, రైలు మార్గాల్లోనో ఎప్పుడో ఒక పక్షాన చేరిపోయి ఉంటుంది. ప్రజలకు ఆ సంగతి అందరికంటే ఆలస్యంగా తెలుస్తుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే.

అమెరికా నుంచి మొదలుపెడతాను. ఎందుకంటే అక్కడ ప్రతి మెట్టూ కాగితం మీద దొరుకుతుంది.

1914 ఆగస్టు 4న అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ తటస్థత ప్రకటించాడు. రెండు వారాల తర్వాత ప్రజలకు విజ్ఞప్తి చేస్తూ, చేతల్లోనే కాక ఆలోచనల్లో కూడా నిష్పక్షపాతంగా ఉండమని కోరాడు. ఆ మాటలో కపటం ఉందని నేను అనుకోను. అప్పటి అమెరికాలో జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు లక్షల్లో ఉండేవి. ఐర్లండ్ నుంచి వచ్చినవారిలో చాలామందికి బ్రిటన్ పొడ గిట్టదు. ఏ పక్షం వహించినా ఇల్లే చీలుతుందన్న భయం విల్సన్‌కు నిజంగానే ఉండేది.

ఆయన విదేశాంగ మంత్రి విలియం జెన్నింగ్స్ బ్రయాన్. ఈయన పేరు మన చరిత్ర పాఠాల్లో దాదాపు కనబడదు. కనబడాలి. యుద్ధం మొదలైన తొలి రోజుల్లోనే, ఆగస్టు 10న, ఆయన విల్సన్‌కు ఒక లేఖ రాశాడు. యుద్ధంలో ఉన్న దేశాలకు మన బ్యాంకులు అప్పులు ఇవ్వకూడదన్నాడు. నిషిద్ధ సరకులన్నిటిలోకీ డబ్బే చెడ్డదని, మిగతా సరకులన్నీ దాని మాట వింటాయని దాని సారాంశం. యుద్ధాల గురించి ఒక మంత్రి రాసిన మాటల్లో ఇంత సూటిగా అసలు విషయాన్ని పట్టుకున్నది మరొకటి నాకు తెలియదు.

ఆ విధానం మూడు నెలలు కూడా నిలవలేదు. అక్టోబరులోనే, అప్పు వద్దు గాని సరకు కొనుక్కోవడానికి అరువు ఇవ్వవచ్చు అన్నారు. అప్పుకూ అరువుకూ తేడా ఏమిటో వ్యాపారం తెలిసినవారెవరూ చెప్పలేరు. 1915 మొదట్లో జె.పి.మోర్గాన్ సంస్థ అమెరికాలో బ్రిటన్ తరఫున కొనుగోళ్లు జరిపే ప్రతినిధి అయింది. ఆ సంవత్సరం అక్టోబరులో బ్రిటన్, ఫ్రాన్సులకు కలిపి 50 కోట్ల డాలర్ల అప్పు సమకూర్చారు. చట్టరీత్యా ఇందులో తప్పేమీ లేదు. 1907 నాటి హేగ్ ఒప్పందాల ప్రకారం తటస్థ ప్రభుత్వం యుద్ధంలో ఉన్న వారికి ఆయుధాలు ఇవ్వకూడదు. ఆ దేశపు వ్యాపారులు అమ్ముకుంటే మాత్రం ఆపి తీరాలన్న నియమం లేదు. ఆ వెసులుబాటు లోనుంచే మొత్తం కథ నడిచింది.

లెక్కలు చూడండి. 1914లో బ్రిటన్, ఫ్రాన్సు పక్షమైన మిత్రరాజ్యాలతో అమెరికా వ్యాపారం సుమారు 82 కోట్ల డాలర్లు. 1916 నాటికి అది 320 కోట్లకు చేరింది. అదే కాలంలో జర్మనీ, ఆస్ట్రియాలతో వ్యాపారం 17 కోట్ల నుంచి సుమారు 12 లక్షలకు పడిపోయింది. 1917 ఏప్రిల్ నాటికి మిత్రరాజ్యాలకు ఇచ్చిన అప్పు 230 కోట్ల డాలర్లు. జర్మనీకి ఇచ్చినది 3 కోట్లు కూడా లేదు. జర్మనీకి అమ్మకూడదని ఏ చట్టమూ చేయలేదు. ఉత్తర సముద్రాన్ని బ్రిటిష్ నౌకాదళం దిగ్బంధం చేసింది, అంతే. రెండు పక్షాలకూ తెరిచి ఉంచిన అంగడికి ఒక పక్షం వారు మాత్రమే రాగలిగితే ఆ అంగడి ఎవరిది? ఈ ప్రశ్న అప్పట్లో జర్మన్లు అడిగారు. అడిగినవారు చేసిన ఘోరాలు ఎన్ని ఉన్నా ఆ ప్రశ్నకు మాత్రం సరైన జవాబు రాలేదు.

1916 నవంబరు చివర ఒక విచిత్రం జరిగింది. అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థను నడిపే ఫెడరల్ రిజర్వ్ బోర్డు, తగిన హామీ లేకుండా విదేశీ ప్రభుత్వాలకు అప్పులు ఇవ్వడం మంచిది కాదని బ్యాంకులను బహిరంగంగా హెచ్చరించింది. లండన్‌లో పౌండు కదిలిపోయింది. బ్రిటన్ తాకట్టు పెట్టగలిగినవన్నీ అప్పటికే చాలావరకు పెట్టేసింది. అంటే 1917 మొదలయ్యేసరికి పరిస్థితి ఇది: మిత్రరాజ్యాలు ఓడితే అమెరికా ఇచ్చినది మునుగుతుంది, ఓడకుండా నిలబడాలంటే ఇంకా ఇవ్వాలి, ఇక ప్రైవేటు బ్యాంకుల వల్ల కాదు, ప్రభుత్వమే ఇవ్వాలి. ప్రభుత్వమే ఇస్తే తటస్థత ఉండదు.

బ్యాంకర్లు కుట్ర పన్ని దేశాన్ని యుద్ధంలోకి దించారని 1930లలో అమెరికాలోనే గట్టిగా వాదించారు. సెనేటర్ జెరాల్డ్ నై నాయకత్వంలో 1934 నుంచి 1936 వరకు విచారణ కూడా జరిగింది. ఈ కుట్ర వాదాన్ని నేను అంగీకరించను. కుట్ర ఉంటే బాగుండేది. కుట్రదారులను పట్టుకుంటే పని అయిపోతుంది. ఇక్కడ గోధుమ పండించిన రైతు, పత్తి అమ్మిన రైతు, ఉక్కు కర్మాగారంలో రెట్టింపు పని దొరికిన కూలీ, వీళ్లందరి బతుకూ ఒక పక్షం కొనుగోళ్లతో ముడిపడిపోయింది. వీళ్లలో ఎవరూ యుద్ధం కోరలేదు. కొనేవాడు ఓడిపోకూడదని మాత్రం కోరుకున్నారు.

ఇక సముద్రం. దిగ్బంధానికి జవాబుగా 1915 ఫిబ్రవరిలో జర్మనీ బ్రిటిష్ దీవుల చుట్టూ ఉన్న జలాలను యుద్ధ ప్రాంతంగా ప్రకటించి జలాంతర్గాములను వదిలింది. మే 7న లూసిటేనియా అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడను టార్పెడోతో ముంచింది. సుమారు 1,200 మంది చనిపోయారు. వారిలో 128 మంది అమెరికన్లు. పసిపిల్లలున్న ఓడను హెచ్చరిక లేకుండా ముంచడం దారుణం, అందులో నాకు సందేహం లేదు. ఆ ఓడలో లక్షల సంఖ్యలో తుపాకి తూటాలు ఉన్నదీ నిజమే. నిషిద్ధ సరకు మోసే ఓడ ప్రయాణికులను అడ్డు పెట్టుకోవడం, సైన్యం ముందు స్త్రీలను, పిల్లలను నిలబెట్టడం వంటిదని బ్రయాన్ అన్నాడు. మన పౌరులను అలాంటి ఓడలు ఎక్కవద్దని మనమే చెప్పాలన్నాడు. విల్సన్ వినలేదు. ఏ ఓడలోనైనా ప్రయాణించే హక్కు అమెరికన్లకు ఉంది అన్నాడు. జూన్‌లో బ్రయాన్ రాజీనామా చేశాడు. పదవి వదులుకుని బయటికి వచ్చిన ఆ రోజు పత్రికలు ఆయనను ఎద్దేవా చేశాయి. నేను మాత్రం ఆయనను గౌరవిస్తాను.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. బ్రిటన్ కూడా తటస్థుల హక్కులను తొక్కింది. ఓడలను ఆపింది, సరకు పట్టుకుంది, ఉత్తరాలు విప్పి చూసింది. అమెరికా నిరసన లేఖలు పంపింది. కాని బ్రిటన్ పట్టుకున్న సరకుకు తర్వాత పరిహారం ఇవ్వవచ్చు. జలాంతర్గామి తీసిన ప్రాణానికి పరిహారం లేదు. ప్రజల మనసు ఒకవైపు వేగంగా మొగ్గడానికి అది న్యాయమైన కారణమే.

1916 నవంబరు ఎన్నికల్లో విల్సన్ పక్షం వారి ప్రధాన నినాదం, ఆయన మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచాడు అన్నది. స్వల్ప ఆధిక్యంతో గెలిచాడు. అయిదు నెలల్లో యుద్ధం. 1917 ఫిబ్రవరి 1 నుంచి జర్మనీ ఏ దేశపు ఓడనైనా ముంచుతామంది. జనవరిలో జర్మన్ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మాన్ మెక్సికోకు ఒక రహస్య తంతి పంపాడు. అమెరికాతో యుద్ధం వస్తే మాతో కలవండి, టెక్సాస్, న్యూమెక్సికో, అరిజోనా మీకు తిరిగి దక్కేలా చూస్తాం అని దాని సారం. శాంతి చర్చల కోసం జర్మనీకి అమెరికా వాడుకోనిచ్చిన తంతి మార్గంలోనే ఆ సందేశం ప్రయాణించింది. బ్రిటిష్ గూఢచారులు దాన్ని పట్టి, సంకేతాలు విప్పి, అదను చూసి అమెరికాకు అందించారు. మార్చి 1న పత్రికల్లో వచ్చింది. ఇది కల్పన అని చాలామంది అనుకుంటుండగా జిమ్మర్‌మానే రెండు రోజుల తర్వాత అవును, నేనే పంపాను అన్నాడు. ఏప్రిల్ 6న యుద్ధం. ప్రతినిధుల సభలో 373 మంది అవునన్నారు, 50 మంది కాదన్నారు. కాదన్నవారిలో మొంటానా నుంచి గెలిచిన జెనెట్ రాంకిన్ ఒకరు. ఆ సభకు ఎన్నికైన మొదటి మహిళ. ఆ యుద్ధంలో లక్షా పదహారు వేల మందికి పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు.

మన సీమ పల్లెల్లో పెరిగినవారికి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఊళ్లో రెండు వర్గాలు రగులుతున్నప్పుడు మధ్యలో ఉండాలనుకునే రైతు ఒకడు ఉంటాడు. ఇద్దరి ఇళ్లలో పెళ్లికీ వెళ్తాడు, ఇద్దరి ఇళ్లలో చావుకూ వెళ్తాడు. కాని ఒక వర్గం పెద్దకు తను అప్పు ఇచ్చి ఉంటాడు. లేదంటే అవతలి వర్గం వారు తోటకు పోయే బాట తన చేను గట్టు మీదుగా ఉంటుంది. బాకీ ఉన్నవాడు చెడిపోతే తానూ చెడిపోతాడు. బాట ఇస్తే ఒకరికి పగ, మూస్తే మరొకరికి పగ. అతని మంచితనాన్ని ఎవరూ శంకించరు. అయినా ఒక రాత్రి అతని గడ్డివాము తగలబడుతుంది. అమెరికాది అప్పు దారి. ఇప్పుడు చెప్పబోయే దేశాలది బాట దారి.

బెల్జియం సంగతి మీకు తెలిసిందే. 1839 లండన్ ఒప్పందంలో పెద్ద రాజ్యాలన్నీ, తర్వాతి జర్మనీకి మూలమైన ప్రష్యాతో సహా, దాని తటస్థతకు పూచీ పడ్డాయి. 1914 ఆగస్టు 2 సాయంత్రం జర్మనీ పన్నెండు గంటల గడువు ఇచ్చి, ఫ్రాన్సు మీదికి వెళ్లడానికి దారి అడిగింది. బెల్జియం కాదంది. 4న సైన్యం చొరబడింది. ఆ ఒప్పందం చిత్తు కాగితమని జర్మన్ ఛాన్సలర్ అన్నాడని బ్రిటిష్ రాయబారి రాశాడు.

ఇక్కడ మన సంగతి కూడా ఉంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో పండే వేరుశనగ ఆ రోజుల్లో ఎక్కువగా ఫ్రాన్సులోని మార్సెయ్ రేవుకు, అక్కడి నూనె మిల్లులకు వెళ్లేది. 1914 సెప్టెంబరు చివర అదే మార్సెయ్ రేవులో భారత సైనికులు దిగారు. అక్టోబరు నాటికి బెల్జియంలోని ఈప్ర చుట్టూ బురదలో, చలిలో పోరాడుతున్నారు. విక్టోరియా క్రాస్ పొందిన మొదటి భారతీయుడు ఖుదాదాద్ ఖాన్ ఆ పతకం సంపాదించినది బెల్జియం నేల మీదే. ఒక చిన్న దేశం తటస్థతను కాపాడడానికి అని చెప్పి పంపారు. నీవు ఏ పక్షమని భారతదేశాన్ని ఎవరూ అడగలేదు. సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధ నౌక మద్రాసు మీద గుళ్లు కురిపించి నూనె ట్యాంకులు తగలబెట్టింది. జర్మనీతో ఏ తగవూ లేని మద్రాసు మీద! ఆ యుద్ధంలో భారత సైనికులు 70 వేల మందికి పైగా చనిపోయారు.

ఇరవై ఏడేళ్లు ముందుకు రండి. 1941. ఇరాన్ రెండో ప్రపంచ యుద్ధంలో తటస్థత ప్రకటించింది. జూన్‌లో హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డాడు. సోవియట్‌కు ఆయుధాలు, ఆహారం చేర్చాలంటే ఏడాది పొడవునా నడిచే దారి కావాలి. ఇరాన్‌లో పర్షియా సింధుశాఖ నుంచి కాస్పియన్ తీరం దాకా కొత్తగా వేసిన రైలు మార్గం ఉంది. 1938లో పూర్తయింది. దేశాన్ని ఆధునికం చేయాలని రెజా షా వేయించిన మార్గం అది; సొంత పన్నులతో, విదేశీ అప్పు లేకుండా కట్టుకున్నారు. పక్కనే బ్రిటన్ చమురు బావులు. మీ దేశంలో జర్మన్ నిపుణులు ఉన్నారు, వెళ్లగొట్టండి అని బ్రిటన్, సోవియట్ కలిసి ఒత్తిడి తెచ్చాయి. జర్మన్లు ఉన్న మాట నిజమే, వారిలో గూఢచారులు ఉన్న మాటా నిజం కావచ్చు. కాని ఆ రైలు మార్గం లేకపోతే ఆ జర్మన్ల కోసం ఎవరూ అంత దూరం వచ్చేవారు కాదు. ఆగస్టు 25 తెల్లవారుజామున ఉత్తరం నుంచి సోవియట్ సేనలు, దక్షిణం, పడమర నుంచి బ్రిటిష్ సేనలు ప్రవేశించాయి. బ్రిటిష్ సేనలు అన్నాను గాని అందులో ఎక్కువమంది భారత సైనికులు.

ఇది నన్ను ఎప్పుడూ కలవరపెట్టే సంగతి. 1914లో ఒక తటస్థ దేశాన్ని కాపాడాలని మనవాళ్లను పంపారు. 1941లో మరో తటస్థ దేశంలోకి చొరబడాలని మనవాళ్లనే పంపారు. రెండుసార్లూ మన అభిప్రాయం అడగలేదు. రెండోసారి అయితే 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఎవరినీ సంప్రదించకుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. దానికి నిరసనగా మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా కాంగ్రెసు మంత్రివర్గాలన్నీ దిగిపోయాయి. తటస్థత గురించి మాట్లాడుకునే హక్కు కూడా స్వతంత్ర దేశానికే ఉంటుందని ఆ తరం అలా తెలుసుకుంది.

ఇరాన్ కథ అక్కడితో ముగియలేదు. సెప్టెంబరులో రెజా షా సింహాసనం వదిలి దేశం విడిచి వెళ్లాడు. రైళ్లు, లారీలు యుద్ధ సామగ్రి మోయడానికి పోయాయి. ధాన్యం కదల్చడానికి బండి లేదు. ధరలు మండిపోయాయి. 1942 డిసెంబరులో టెహరాన్‌లో రొట్టె కోసం అల్లర్లు జరిగాయి. ఆకలితో, విష జ్వరంతో జనం చనిపోయారు. 1943 సెప్టెంబరులో ఇరాన్ అధికారికంగా జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. రెండేళ్లు యుద్ధాన్ని భరించిన తర్వాత వచ్చిన ప్రకటన అది!

నార్వేది కూడా ఈ కోవే. స్వీడన్ గనుల ఇనుప ఖనిజం చలికాలంలో నార్వేలోని నార్విక్ రేవు నుంచి జర్మనీకి వెళ్లేది, ఎందుకంటే ఆ నెలల్లో బాల్టిక్ రేవు గడ్డకట్టుకుపోతుంది. 1940 ఏప్రిల్ 8న బ్రిటన్ నార్వే జలాల్లో మందుపాతరలు వేసింది. మరునాడు జర్మనీ దండెత్తింది. తటస్థ దేశం హక్కులను ఇద్దరూ ఒక్కరోజు తేడాలో తొక్కేశారు. స్వీడన్ తప్పించుకుంది, అయితే ఖనిజం అమ్మింది, 1943 దాకా జర్మన్ సైనికులను తన రైళ్లలో దాటనిచ్చింది. అది తటస్థతేనా అని స్వీడన్ వారే ఇప్పటికీ వాదించుకుంటారు. మొదటి యుద్ధంలో గ్రీసు అంతకంటే దయనీయం. రాజు కాన్‌స్టాంటైన్ తటస్థంగా ఉందామన్నాడు, ప్రధాని వెనిజెలోస్ మిత్రరాజ్యాలతో కలుద్దామన్నాడు. ఆ తగవు తేలకముందే మిత్రసేనలు సలోనికా రేవులో దిగిపోయాయి. ఒక దేశంలో రెండు ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. చివరికి 1917లో రాజును పంపించి గ్రీసు యుద్ధంలో చేరింది. యుద్ధంలోకి లాగేవారికి బయటి సైన్యం అన్నివేళలా అవసరం లేదు. లోపల ఒక పక్షం దొరికితే చాలు.

ఇంత దూరపు కథలు ఎందుకు, మన నేల చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. మరుసటి ఏడాది మే 4న శ్రీరంగపట్నం కోట కూలింది, టిప్పు సుల్తాన్ మరణించాడు. గెలిచిన పక్షాన నిలబడినందుకు నిజాంకు వాటా దక్కింది. ఏడాది దాటగానే, 1800 అక్టోబరులో, తన దగ్గర ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలు ప్రాంతంలో కొంత భాగాన్ని కంపెనీకే ఇచ్చేశాడు. దత్త మండలాలు అని మన తాతలు పిలిచినది ఆ ప్రాంతాన్నే. ఒక సైన్యం జీతభత్యాల పద్దులో మన ఊళ్లు చెల్లుబడి అయ్యాయి. అనంతపురం కేంద్రంగా థామస్ మన్రో వచ్చి శిస్తు లెక్కలు మొదలుపెట్టాడు. నిజాం తటస్థుడు కాడు, నిజమే. ఆ యుద్ధంలో చేరకుండా పక్కన నిలబడినవాడు మరాఠాల పీష్వా. ఆ పక్కన నిలబడడం కూడా అతన్ని కాపాడలేదు; 1818 నాటికి పీష్వా పదవే లేకుండా పోయింది. అందుకే తటస్థతను దేవుడిచ్చిన కవచంలా పొగిడేవారితో నేను ఏకీభవించను. చేతకాని తటస్థత శత్రువుకు గడువు ఇస్తుంది, అంతే.

తటస్థత ఎప్పుడూ ధర్మమే అనీ నేను అనను. మొదటి యుద్ధం అనుభవంతో అమెరికా 1935 నుంచి 1937 వరకు వరుసగా చట్టాలు చేసింది: ఆయుధాలు అమ్మకూడదు, అప్పులు ఇవ్వకూడదు, యుద్ధ దేశాల ఓడలు ఎక్కకూడదు. బ్రయాన్ చెప్పినవన్నీ చట్టాలయ్యాయి, ఆయన పోయిన పదేళ్లకు. ఈసారి ఎదురుగా ఉన్నవాడు హిట్లర్. ఆ చట్టాలు అలాగే ఉండిపోతే బ్రిటన్ గతి ఏమయ్యేది? 1939 నవంబరులో నగదు ఇచ్చి సొంత ఓడల్లో తీసుకెళ్లేవారికి అమ్మవచ్చన్నారు. 1940 సెప్టెంబరులో స్థావరాలకు బదులుగా 50 పాత యుద్ధ నౌకలు బ్రిటన్‌కు ఇచ్చారు. 1941 మార్చిలో, నగదు లేకుండానే ఆయుధాలు ఇవ్వడానికి వీలు కల్పించే అరువు-కౌలు చట్టం వచ్చింది. ఆ శరదృతువులో అట్లాంటిక్‌లో అమెరికా నౌకలు, జర్మన్ జలాంతర్గాములు ఒకరిపై ఒకరు కాల్చుకుంటున్నారు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి ఇంకా జరగలేదు! ఇవతల పసిఫిక్‌లో జపాన్‌కు చమురు ఆపేశారు. తన చమురులో అత్యధిక భాగం అమెరికా నుంచే కొనే జపాన్‌కు. హిట్లర్‌ను ఓడించడం అవసరమే, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నిర్ణయం సరైనదే అని నా నమ్మకం. నాకున్న అభ్యంతరం ఒకటే. 1940 అక్టోబరు చివర ఎన్నికల సభలో ఆయన తల్లిదండ్రులకు మాట ఇచ్చాడు, మీ బిడ్డలను విదేశీ యుద్ధాలకు పంపము అని. ధర్మయుద్ధమైతే ఆ ధర్మం విడమరిచి చెప్పి జనాన్ని ఒప్పించాలి. మెల్లగా నడిపించుకుంటూ పోకూడదు.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. రాయచోటి, రాజంపేట, బద్వేలు వైపు నుంచి కువైట్ వెళ్లిన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో ఈ సభకు నేను చెప్పనక్కరలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. అక్కడ చిక్కుకున్న మనవాళ్లు సుమారు లక్షా డెబ్బై వేల మంది. మన ప్రభుత్వం ఇరాక్‌ను గట్టిగా ఖండించడానికి తటపటాయించింది. విదేశాంగ మంత్రి ఐ.కె.గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాం హుసేన్‌ను కలిశారు, సద్దాం ఆయనను కౌగిలించుకున్న చిత్రం ప్రపంచమంతా చూసింది, విమర్శించింది. ఆ విమర్శ నాకు మింగుడుపడదు. పరాయి సైన్యం గుప్పిట్లో లక్షన్నర మంది తన పౌరులున్న దేశం ఎలా మాట్లాడాలి? అమ్మాన్ మీదుగా విమానాల్లో వాళ్లందరినీ తెచ్చుకున్నాం. తటస్థతకు ఒక దేశం చెల్లించిన మూల్యాల్లో ఆ కౌగిలి చవకైనదే.

తర్వాత వచ్చింది అసలు పరీక్ష. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగింది, విదేశీ మారకం నిల్వలు అడుగంటాయి. 1991 జనవరిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి అప్పు తెచ్చుకున్నాం. కొన్ని నెలల తర్వాత దేశపు బంగారాన్నే విదేశాల్లో కుదువ పెట్టవలసి వచ్చింది. ఆ జనవరిలోనే చంద్రశేఖర్ ప్రభుత్వం, గల్ఫ్ వైపు వెళ్లే అమెరికా సైనిక విమానాలను మన విమానాశ్రయాల్లో దిగి ఇంధనం నింపుకోనిచ్చింది. సంగతి బయటికి రాగానే పెద్ద దుమారం రేగింది. బయటి నుంచి మద్దతిస్తున్న కాంగ్రెసు, రాజీవ్ గాంధీ గట్టిగా వ్యతిరేకించారు. ఫిబ్రవరిలో ఆ సదుపాయం ఆపేశారు. ఇంధనానికీ అప్పుకూ ముడి ఉందో లేదో నేను తేల్చి చెప్పను. కాని అప్పు కోసం చేయి చాచి ఉన్న దేశం, విమానానికి ఇంధనం అడిగితే కాదనడం ఎంత కష్టమో మీరే ఊహించండి. అప్పుడు దాన్ని ఆపినది పత్రికలు, ప్రతిపక్షం, వీధుల్లో జరిగిన చర్చ.

2016 ఆగస్టులో అమెరికాతో మనం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఒకరి సైనిక నౌకలు, విమానాలు మరొకరి రేవుల్లో, స్థావరాల్లో ఇంధనం, సరకులు, మరమ్మతులు పొందవచ్చు. తర్వాతి సంవత్సరాల్లో ఫ్రాన్స్, జపాన్, ఆస్ట్రేలియాలతోనూ అలాంటివి కుదిరాయి. ఇందులో స్థావరాలు పెట్టుకునే హక్కు ఎవరికీ లేదని, ప్రతి సందర్భంలోనూ విడిగా అనుమతి ఇస్తామని మన ప్రభుత్వం చెప్పింది. హిందూ మహాసముద్రంలో మన నౌకాదళానికి వీటివల్ల ప్రయోజనం ఉంది, దాన్ని కాదనను. నేను అడిగేది ఆ అనుమతి గురించి. రేపు పెద్ద యుద్ధం వచ్చి, ఒక రాత్రి ఒక విమానాల గుంపు మన దగ్గర దిగుతామని అడిగితే, ఎవరు ఇస్తారు? ఎన్ని గంటల్లో? మనదేశంలో విదేశీ ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. యుద్ధంలో ఉన్న ఏ దేశపు సైన్యానికైనా ఇంధనం, రేవు, ఆకాశ మార్గం ఇచ్చే ముందు పార్లమెంటుకు చెప్పి తీరాలని, ముందుగా చెప్పలేకపోతే ఇన్ని రోజుల్లో చెప్పాలని ఒక చట్టం ఉండాలన్నది నా కోరిక. అలా చేస్తే అత్యవసర వేళ ప్రభుత్వం చేతులు కట్టేసినట్టవుతుందని వాదించేవారు ఉన్నారు, ఈ సభలో కూడా ఉంటారు. ముందు వారి నుంచే వినాలనుకుంటున్నాను. అధ్యక్షులవారు అనుమతిస్తే ప్రశ్నలు తీసుకుందాం.